పాసంగం చూసి తూచిన కొలత

శ్వాసనాళం గోడ మందం ఎంత? ఛాతీ తెరవకుండా, మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండే ఆ గోడను సీటీ స్కాన్ బొమ్మ మీదే కొలవాలి. 35 సెంటీమీటర్ల వెడల్పును 512 గడులుగా పంచితే ఒక్కో గడి సుమారు 0.7 మిల్లీమీటర్లు. అంటే గోడ మొత్తం ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోతుంది.

గడులు చిన్నవి చేసుకున్నా చిక్కు తీరదు. ఏ స్కానరైనా అంచులను కొంత మసకబరుస్తుంది. తడి కాగితం మీద సిరాతో గీతలు గీసి చూడండి. లావు గీతకు అంచులు చెదిరినా నడిమి నలుపు నిలుస్తుంది. సన్నగీత మాత్రం వెడల్పై, రంగు వెలిసిపోతుంది. పలుచని గోడకు జరిగేది అదే.

నాళం నడుమ నుంచి నలుదిక్కులా గీతలు సాగదీసి, గీత వెంట సాంద్రత ఎలా పెరిగి తగ్గుతుందో చూసి, శిఖరంలో సగం ఎత్తున్న రెండు చోట్ల మధ్య దూరాన్ని గోడ మందంగా తీసుకోవడం పాత పద్ధతి. లావు గోడకు చక్కగా పనిచేస్తుంది. పలుచని గోడ దగ్గర శిఖరమే కుంగిపోతుంది కనుక సగం అనే గురుతూ కిందికి జారుతుంది. గోడ లావుగా, లోపలి దారి ఇరుకుగా లెక్క తేలుతుంది. ఒక హద్దు దాటాక గోడ ఎంత పలుచబడినా కొలత తగ్గదు! ఉబ్బసంలో గోడ మందమెక్కిందో లేదో చెప్పాల్సింది ఈ కొలతే. ఆరోగ్యవంతుడి గోడనూ లావుగా చూపిస్తే ఇక తేడా తెలిసేదెలా?

1997లో జోసెఫ్ రైన్‌హార్ట్, నీల్ డిసౌజా, ఎరిక్ హాఫ్‌మన్ ప్రచురించిన పద్ధతి నాకెంతో ఇష్టం. మసకను తుడిచెయ్యాలని వాళ్లు పంతం పట్టలేదు, దాన్నే లెక్కలోకి తీసుకున్నారు. త్రాసులో పాసంగం ఎంతో తెలిసిన వర్తకుడు తప్పు త్రాసుతోనూ ఒప్పుగా తూచగలడు. అలాగే స్కానరు ఎంత మసకబరుస్తుందో ముందే తెలిసి ఉంటే, గోడ ఇంత మందం అనుకుని, ఊహలోని ఆ గోడను అంతే మసకబరిచి, అసలు బొమ్మతో పోల్చవచ్చు. సరిపోకపోతే మందం మార్చి మళ్లీ పోల్చాలి. రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చున్న చోట దొరికేదే కొలత. పద్ధతికి పరీక్ష, మందం ముందే తెలిసిన ప్లాస్టిక్ గొట్టాలు. నిజం చేతిలో ఉంచుకుని కొలతను నిలదీసే ఆ నిజాయితీకి నమస్కరించాలి.

ఇంకో మెళకువ ఉంది. ఏటవాలుగా నరికిన వెదురు బొంగు కోలగా, గోడ లావుగా కనిపిస్తుంది. నాళాలూ ఊపిరితిత్తిలో తలో దిక్కుకు పోతాయి. అందుకే నాళం నడిమి దారిని పట్టుకుని, దానికి లంబంగా బొమ్మను మళ్లీ కోసి చూడాలి.

ఇంత చేసినా 2 మిల్లీమీటర్ల కంటే సన్నని నాళాలు చాలావరకు అందవు. పొగతాగేవారికి ఎక్కువగా వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బులో గాలికి ప్రధానంగా అడ్డుపడేది అక్కడేనని 1968లోనే జేమ్స్ హాగ్ బృందం చూపించింది. అయితే పెద్ద నాళాల కొలత వృథా కాదు. స్కానులో కొలిచిన పెద్ద నాళాల గోడలకూ, సూక్ష్మదర్శిని కింద కొలిచిన చిన్న నాళాల గోడలకూ పొంతన ఉందని 2005లో యసుతాకా నకానో బృందం తేల్చింది.