నామాన్ని మోసేవాళ్లు

తెలుగు క్రైస్తవుల మాటతీరులో ఒక సంగతి వెంటనే చెవిన పడుతుంది. పాస్టరుగారి గురించి చెప్పేటప్పుడు "అయ్యగారు వచ్చారు, ప్రార్థన చేశారు" అంటారు. అదే నోటితో "దేవుడే చూసుకున్నాడు", "యేసయ్య బాగుచేశాడు" అంటారు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నాక ఇక "నీవు", "నీ కృప", "నీ పాదాల దగ్గర". సంఘకాపరికి బహువచనం, సృష్టికర్తకు ఏకవచనం! కొత్తగా విన్నవాళ్లకు ఇది మర్యాద తప్పినట్టు అనిపించవచ్చు. కానీ తెలుగులో భక్తి మొదటినుంచీ నడిచిన దారే ఇది. అన్నమయ్య వేంకటేశుణ్ణీ, రామదాసు భద్రాద్రి రాముణ్ణీ నీవనే పిలిచారు. "మీరు" అనే గౌరవంలో కొంత ఎడం కూడా ఉంది. కష్టం చెప్పుకునేచోట ఆ ఎడం అడ్డొస్తుంది. అందుకే గౌరవం వేరేచోట కుదురుకుంది. దేవుణ్ణి ప్రస్తావించేటప్పుడు "ఆయన" అంటారే గాని "అతను" అనరు. తెలుగు బైబిలులో ఆయన "సెలవిస్తాడు". పెద్దల మాటకూ రాజుల మాటకూ వాడే క్రియ అది. హెబ్రీలో భయం అనే అర్థమున్న మాటకు మన అనువాదకులు చాలాచోట్ల "భయభక్తులు" అని రాశారు. ఒక్క భయం సరిపోదని వాళ్లకు తోచింది కాబోలు. ఆ జంటపదం ఇవాళ ప్రతి సంఘంలోనూ వాడుకలో ఉంది.

అయితే దేవుడి పట్ల గౌరవమంటే నాలుకను అదుపులో పెట్టుకోవడమేనా? పది ఆజ్ఞల్లో మూడోదాన్ని మనం అలాగే చదువుతున్నాం: దేవుని పేరు వ్యర్థంగా పలకకూడదని. మూలంలో ఉన్న హెబ్రీ క్రియ "నాసా". ఎత్తడం, మోయడం దాని అర్థాలు. ఆ పేరును నోటికెత్తుకోవడం మాత్రమే కాదు, మోయడం కూడా అందులో ఉందని చదవవచ్చు. ఆ చదువు నాకు సరైనదిగా తోస్తుంది, ఎందుకంటే తెలుగు క్రైస్తవులు ఆ పేరును నిజంగానే మోస్తున్నారు. ఏసుదాసు, దేవదానం, ఇమ్మానుయేలు అని పిల్లలకు పెట్టుకుంటారు. కిరాణా కొట్టు మీద "యెహోవా యీరే" అనీ, మెకానిక్ షెడ్డు మీద "ఎబెనెజరు" అనీ రాయించుకుంటారు. యూదులు హెబ్రీలో నాలుగక్షరాలుగా ఉన్న ఆ దేవుని నామం జోలికి పోకుండా "అదోనాయ్" అని చదువుకుంటారు. ఇంగ్లీషు బైబిళ్లు చాలావరకు దాని బదులు ప్రభువు అనే మాటనే పెద్దక్షరాల్లో అచ్చువేస్తాయి. మన బైబిలు మాత్రం "యెహోవా" అని బాహాటంగా రాసింది, మనం గొంతెత్తి చదువుతున్నాం. పలకకుండా దాచుకునే జాగ్రత్త మనకు లేదు కాబట్టి, ఆ జాగ్రత్తంతా నడతలో కనబడాలి.

వాడుకలో ఉన్న మాటలను ఈ కంటితోనే చూడాలి. పెళ్లి ముహూర్తమైనా, ఊరి ప్రయాణమైనా "దేవుని చిత్తమైతే" అని చేర్చడం యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం నుంచి వచ్చింది. అక్కడ మాటలు పడింది వ్యాపారులకు: ఫలానా పట్నం పోతాం, ఏడాది ఉంటాం, లాభం తీస్తాం అని లెక్కలు వేసుకున్నవాళ్లకు. రేపటి రోజు తన చేతిలో లేదని తెలిసినవాడు పక్కవాడి రేపటిని కూడా తేలిగ్గా తాకట్టు పెట్టించుకోడు. ఒట్టు సంగతీ అంతే. "దేవుడి తోడు" అనకుండా మన దగ్గర బేరం తెగదు. కొండమీది ప్రసంగం ఒట్టే వద్దంది, అవునంటే అవును, కాదంటే కాదు చాలంది. దాన్ని అక్షరాలా పాటించి ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు కోర్టులో ప్రమాణం చేయబోమన్నారు, జైళ్లకు వెళ్లారు. 17వ శతాబ్దం చివరికి చట్టమే వాళ్లకు దారి ఇచ్చింది. మన దేశంలో కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం దేవుని పేరెత్తకుండా దృఢంగా చెప్పే వెసులుబాటు ఇచ్చింది. ఒట్టు వద్దనడం దేవుణ్ణి పక్కన పెట్టడం కాదు. ఒట్టు వేసినప్పుడే నిజం చెప్పేవాడు మిగతా వేళల్లో ఏం చెబుతున్నట్టు?

ఈ మాటలన్నీ అరిగిపోయాయి కదా, ఫోన్ ఎత్తితే "ప్రెయిజ్ ద లార్డ్", పెట్టేస్తే "స్తోత్రం", మధ్యలో ఉన్నదంతా చాడీలే కదా అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ అరిగిన మాట అబద్ధపు మాట కాదు. "అన్నం తిన్నావా" అన్నది కూడా అరిగిన పలకరింపే. దాని వెనక ఆప్యాయత ఉందా లేదా అన్నది అడిగే మనిషిని బట్టి ఉంటుంది. నొప్పికి తాళలేక "దేవుడా" అని మూలిగిన ముసలమ్మ నామాన్ని వ్యర్థం చేసిందని నేను అనుకోను, అది ప్రార్థనే. నాకు భయమేసేది "దేవుడు నాతో చెప్పాడు" అనే మాటకు. పదవి కోసమో, చందా కోసమో, ఇష్టంలేని పెళ్లికి ఆడపిల్లను ఒప్పించడానికో ఆ మాట వాడితే ఎదుటి మనిషి ఇక నోరెత్తలేడు. సొంత కోరికకు దేవుడి సంతకం పెట్టడమిది. మూడో ఆజ్ఞకు సూటిగా తగిలే తప్పు ఇదేనని నా నమ్మకం.

ఒంటితో చూపే గౌరవం కూడా ఉంది, దాన్ని పైపై ఆచారమని కొట్టిపారేయలేం. 1950లో సువార్తికుడు బఖ్త్ సింగ్ హైదరాబాదులో మొదలుపెట్టిన హెబ్రోను అనే ఆరాధన స్థలంలో జనం చాపల మీద కూర్చుని ఆరాధించారు. చెప్పులు గుమ్మం బయట వదలడం మండే పొద దగ్గర మోషే చేసిన పనీ అవును, మన ఊళ్లలో ప్రతి ఇంట్లో చేసే పనీ అవును. భోజనాల వేళ చూడండి: కంచంలో అన్నం పొగలు కక్కుతుంటుంది, పిల్లవాడి చెయ్యి అప్పటికే కూరలో ఉంటుంది, అమ్మ పైట కొంగు తలమీదికి లాక్కుని వాడివంక చూస్తుంది, ఆ చెయ్యి వెనక్కొస్తుంది. ఆకలి మీద నాలుగు వాక్యాల ప్రార్థన నిలబడే క్షణమది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ముందుగా ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసే అలవాటు కూడా ఆ కోవలోదే; ఆదివారం అది గుడికి వెళ్తుంది. ఆ పిడికెడు లేకుండా వండుకోవడం ఆ ఇల్లాలికి చేతకాదు.

లేవీయకాండం 19వ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవండి. దేవుని పేరుమీద అబద్ధపు ప్రమాణం వద్దన్న మాట పక్కనే కూలివాడి కూలి తెల్లవారేదాకా అట్టిపెట్టుకోవద్దన్న మాట ఉంది. ఆ వెంటనే చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు, దేవునికి భయపడు అని. చెవిటివాడికి తిట్టు వినపడదు, గుడ్డివాడికి అడ్డం పెట్టినవాడు కనబడడు. దేవుడొక్కడే సాక్షి అయినచోట ఆ భయం గుర్తుచేశారు. తల నెరిసినవాళ్ల ముందు లేచి నిలబడమన్న మాటా అక్కడే ఉంది. అధ్యాయం చివరికొచ్చేసరికి తూనికరాళ్లు, కొలమానాలు. "యెహోవా యీరే" బోర్డు కింద కాటా ఉంటుంది. దాని ఒక పళ్లెంలో కిలో రాయి, రెండోదాంట్లో ఎవరో కూలికి వెళ్లొచ్చి కొనుక్కుంటున్న కందిపప్పు.