మూసే బల్ల ఎక్కడ?

బ్యాంకులో కొత్త ఖాతా తెరిచే బల్ల గుమ్మం పక్కనే ఉంటుంది. ఈమధ్య దాని మీద గిన్నెలో చాక్లెట్లు కూడా పెడుతున్నారు. ఖాతా మూసే బల్ల ఎక్కడుందో మాత్రం తుపాకీ పట్టుకుని కూర్చున్న గార్డుకు కూడా తెలియదు. "క్లోజింగా? మేనేజర్ గారిని కలవండి మేడం" అంటాడు. మేనేజర్ గారు రీజినల్ ఆఫీసులో మీటింగుకు వెళ్లి ఉంటారు.

తెరవడంలో మనవాళ్ల చురుకుదనానికి వంక పెట్టడానికి లేదు. 2014 ఆగస్టులో జన్‌ధన్ మొదలైన వారంలోనే కోటీ ఎనభై లక్షలకు పైగా ఖాతాలు తెరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. 2020 నుంచి వీడియో కాల్‌లోనే కేవైసీ ముగించే వీలు కూడా వచ్చింది. ఆ మాటకొస్తే ఏకంగా బ్యాంకులనే మాయం చేయడంలోనూ ఆలస్యం లేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న, ఊరంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని ఉండగా, యూనియన్ బ్యాంకు అయిపోయింది. అంతంత బ్యాంకులకు ఒక తేదీ చాలింది. నా సేవింగ్స్ ఖాతాకు చాలలేదు.

అది మొదటి ఉద్యోగంలో హైదరాబాద్‌లో తెరిచిన జీతం ఖాతా. ఏ బ్యాంకని అడగకండి, ఏ పేరు పెట్టుకున్నా కథ మారదు. ఆ ఉద్యోగం మానేశాను, పెళ్లయింది, విజయవాడ వచ్చేశాం. జీతం పడటం ఆగాక అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారింది. ఇక మొదలయ్యాయి కోతలు. మినిమం బ్యాలెన్స్ లేదని ఒక కోత, ఎస్సెమ్మెస్‌లు పంపినందుకు ఒక కోత, పర్సులో మూలన పడున్న ఏటీఎం కార్డుకు ఏడాదికో కోత. వాటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. మినిమం బ్యాలెన్స్ జరిమానాల వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదని 2015 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అంటే సున్నా దాకా పోవచ్చన్నమాట. నా డబ్బు ఆ దిశగానే నడుస్తోంది.

విజయవాడ బ్రాంచిలో కౌంటరు అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "హోం బ్రాంచికి వెళ్లాలి మేడం." డబ్బు కట్టాలంటే ఏ బ్రాంచైనా మనదే. ఇన్సూరెన్సు పాలసీ తీసుకుంటానంటే ఈ బ్రాంచే కుర్చీ వేస్తుంది. వెళ్లిపోతానంటే మాత్రం పుట్టింటికి వెళ్లి చెప్పమంటుంది. "అయినా ఎందుకు మేడం క్లోజింగు, ఉండనివ్వండి, ఏం పోతుంది?" అన్నాడు. ఏం పోతుందో స్టేట్‌మెంటులో వరుసగా అచ్చయి ఉంది, అతని కంప్యూటరులోనే.

హైదరాబాద్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు హోం బ్రాంచికీ వెళ్లాను. అక్కడ తెలిసిన సంగతి, నా ఖాతా 'ఇనాపరేటివ్' అయిపోయిందని. రెండేళ్ల పాటు ఖాతాదారు తనంతట తాను లావాదేవీ ఏదీ చేయకపోతే అలా మారుస్తారు. బ్యాంకు కోసుకునే చార్జీలు లావాదేవీ కిందికి రావు. ఇక్కడ వైద్యం విచిత్రంగా ఉంటుంది. మూయాలంటే ముందు ఖాతాను బతికించాలి. బతికించాలంటే కేవైసీ కావాలి. కేవైసీకి ఆధార్ ఇస్తే అందులో అత్తవారి ఇంటిపేరు, ఖాతాలో పుట్టింటి ఇంటిపేరు. సంతకం కూడా అంతే. ఉద్యోగంలో చేరిన రోజు గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టిన సంతకం వాళ్ల తెర మీద మెరుస్తోంది. ఇప్పటి నా సంతకం ఒక గీత, ఒక చుక్క. "టాలీ కావట్లేదు మేడం." ఎలా అవుతుంది? ఆ అమ్మాయి వేరు. పెళ్లి సర్టిఫికెట్ తెమ్మన్నారు. మూడు వేల చిల్లర తీసుకుని వెళ్లిపోవడానికి పెళ్లయిందని రుజువు చూపించాలి. ఈ తిప్పలు మగవాళ్లకు సాధారణంగా తెలియవు. మావారికైతే కాలేజీలో నేర్చుకున్న సంతకమే ఇప్పటికీ నడుస్తోంది.

కౌంటర్లలో చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ఇనాపరేటివ్ ఖాతాకు మినిమం బ్యాలెన్స్ జరిమానా వేయకూడదు, దాన్ని మళ్లీ తెరిచినందుకు చార్జీ తీసుకోకూడదు. ఆ కేవైసీని హోం బ్రాంచి కాకపోయినా ఏ బ్రాంచిలోనైనా చేయాలి. అంటే ఆ ముక్క విజయవాడలోనే అయిపోవాల్సింది. పదేళ్లు కదలిక లేకపోతే డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి వెళ్తుంది. అలా వెళ్లినా మనదే, బ్యాంకు ద్వారా అడిగి తెచ్చుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరున అలాంటివేవైనా ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు వారి ఉద్గం పోర్టల్‌లో వెతకండి. చాలా బ్యాంకుల సంగతి అక్కడ ఒకేచోట దొరుకుతుంది.

మూసే ముందు ఇంకో పని. ఆ ఖాతాకు తగిలించినవన్నీ విప్పుకోవాలి. ఎల్ఐసీ ప్రీమియం, ఈఎంఐ, పీఎఫ్, ఇన్‌కంటాక్స్ రీఫండు. అన్నిటికన్నా కనపడని ముడి ఆధార్‌ది. గ్యాస్ సబ్సిడీ లాంటి ప్రభుత్వ డబ్బు ఆధార్‌తో చివరగా ముడిపడిన ఖాతాలోకే వెళ్తుంది. ఆ ఖాతాను మూసేసి ఊరుకుంటే సబ్సిడీ దారి తప్పుతుంది. మా పనమ్మాయికి ఇలాగే జరిగింది. డబ్బు పడలేదని ఆవిడ పాపం గ్యాస్ ఏజెన్సీ వాళ్లతో తగువు పడుతూ కూర్చుంది.

మా తాతగారి ఊళ్లో ప్రోనోటు మీద అప్పిచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. వడ్డీ విషయంలో ఆయనను మెచ్చుకోవడానికి ఏమీ లేదు. కానీ బాకీ తీరిన రోజున నోటు వెనక 'చెల్లు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, అడ్డంగా చింపి చేతికిచ్చేవారు. ఆ చిరుగు చూపిస్తే ఇక ఆ ఇంటి గడప ఎక్కి అడిగేవాడు లేడు. బ్యాంకులో మాత్రం "అయిపోయింది మేడం, మెసేజ్ వస్తుంది" అంటారు. మెసేజ్ వస్తే వస్తుంది. కాబట్టి అర్జీ రెండు ప్రతులు రాయండి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఖాతా మూసినట్టు ఉత్తరం అడగండి. ముప్పై రోజుల్లో కదలకపోతే ఆ ముద్ర కాగితంతో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, పైసా ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు.

కౌంటరు వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉన్నా దాని గురి వేరు. క్రెడిట్ కార్డుల సంగతి చూడండి. బాకీలన్నీ తీర్చి మూయమని అడిగాక ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆలస్యమైన రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు కట్టాలని 2022లో నిబంధన పెట్టారు. అప్పట్నుంచీ కార్డు మూసే బల్ల ఎక్కడుందో అందరికీ తెలుసు. నా కార్డుకు ఒక్క మెయిల్ సరిపోయింది. అదే జరిమానా సేవింగ్స్ ఖాతాకూ పెడితే హోం బ్రాంచి అనే మాట నెలలోపే వినపడటం మానేస్తుందని నా నమ్మకం. కొత్త ఖాతాలకు టార్గెట్లు ఉంటాయి, మూసినవి ఎవరి లెక్కలోనూ మంచిగా పడవు. అలాంటప్పుడు ఆ పని ఎవరు మీద వేసుకుంటారు?

ఆఖరికి నా పని చేసిపెట్టింది కొత్తగా చేరిన ఒక ఆఫీసరమ్మాయి. చెక్కుబుక్కులో మిగిలిన ఆకులు చింపింది, కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేసింది. ఫారంలో 'మూయడానికి కారణం' అనే గడి దగ్గర ఆగి, "ఊరు మారారని రాసేయండి మేడం, అందరూ అదే రాస్తారు. సర్వీసు బాగాలేదని రాస్తే వివరణ నన్నడుగుతారు" అంది.

అందరూ అదే రాస్తారట! రాష్ట్రంలో సగం మంది ఊళ్లు మారుతున్నారని పై ఆఫీసు వాళ్లు అనుకుంటూ ఉండాలి. ఆ అమ్మాయి మీదికి రాకుండా నాలుగు ముక్కలు తెలుగులో రాశాను. హోం బ్రాంచి, ఇంటిపేరు, కోతలు, ఎవరికీ తెలియని నిబంధన. గడి చాలక కాగితం అంచు మీదికి కూడా రాశాను. ఆమె ఓపిగ్గా చదివింది, ఒకచోట నవ్వింది కూడా. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, "ఇదంతా ఎక్కించడానికి ఇందులో చోటు లేదు మేడం, 'ఇతర కారణాలు' కొట్టేస్తున్నాను" అంది.