నడిగడ్డ ఇండ్లలో మాటల ఆటలు

కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న నడిగడ్డలో, అలంపూర్ చుట్టుప్రక్కల పల్లెలలో, పిల్లలకు మాట నేర్పుటకై ఒక వస్తువును ప్రత్యేకముగా కొని తెచ్చుట పూర్వ మెరుగరు. చింతగింజలు, గవ్వలు, ఏటి ఒండ్రు, చిరిగిన చీర పేలికలు, అవ్వ ఒడి, ఇవియే ఆ విద్యకు పరికరములు. వస్తువు స్వల్పమగుటచేతనే అచట మాట విస్తారముగా కావలసి వచ్చెను. మీట నొక్కినంతనే తానే పాడి తానే పలుకు బొమ్మ చేత నున్న శిశువునకు పలుకవలసిన పని యుండదు. మూగయైన మట్టి ఎద్దునకో, శిశువే ప్రాణము పోయవలెను, శిశువే దానిని అదలింపవలెను, దాని ఆకలిని సైతము శిశువే చెప్పవలెను. ఇంట చేసికొన్న ఆటల ఘనత యంతయు ఇందే యున్నదని నా దృఢ విశ్వాసము.

జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టి ఎద్దులను చేసి పూజించు ఆచారము ఈ సీమయందును, ఏరు దాటిన కర్నూలు పల్లెలలోను, పడమట రాయచూరు వైపునను నేటికిని కలదు. పిల్లలు జిగటమన్ను తెచ్చి పెద్దల ప్రక్కన కూర్చుండి ఎద్దులను చేయునప్పుడు ఎంత భాష వారి చెవిని పడునో గమనింపుడు: మూపురము, గంగడోలు, గిట్టలు, కాడి, పగ్గము అను నామములు, పిసుకుట, నొక్కుట, అద్దుట, అతుకుట, ఆరబెట్టుట అను క్రియలు, మెడలో గంటలు, వీపుమీద గొంగడి, నొసట బొట్టు అను స్థానవాచకములు. చేతిలోని పనియు చెవిని పడిన పదమును ఏకకాలమున కలియుటచే ఆ పదము మనసున నాటుకొనును. పుస్తకములోని ఎద్దును చూపి ‘ఇది ఎద్దు’ అని పదిమార్లు వల్లె వేయించుటకంటె ఇది ఎంతయు మేలు.

చింతగింజను దాచి వెదకించు ఆట చూచుటకు అత్యల్పము. కాని తెలుగు వ్యాకరణములోని ఒక కఠినమైన భాగమును అది నవ్వుచు నవ్వుచు నేర్పును. మన భాషలో ఇల్లు ‘ఇంటిలో’ అగును, రోలు ‘రోటిలో’ అగును, ఏరు ‘ఏటిలో’ అగును, చేయి ‘చేతిలో’ అగును. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున ఔపవిభక్తికములని శాస్త్రీకరించిన ఈ రూపములను మూడేండ్ల పిల్ల సూత్రము చదివి నేర్వదు. “యాడుందే గింజ?” అని అవ్వ అడుగును. “రోలులో” అని పిల్ల చెప్పును. తప్పని అవ్వ అనదు, మరల చెప్పుమనియు నిర్బంధింపదు, “ఓహో, రోట్లో ఉందా! రోట్లో చూద్దాం పా” అని సరియైన రూపమును తానే రెండుమార్లు పలికి ఆటను సాగించును. పిల్ల “ఎద్దు నీలు” అని రెండు ముక్కలు పలికినచో “అవునమ్మా, ఎద్దు నీళ్లు తాగుతుంది” అని దానిని పూర్ణవాక్యము చేసి తిరిగి యిచ్చును. శిశువు పలికినదానిని త్రోసివేయక, దానినే కొంచెము పెంచి తిరిగి వినిపించుటను నేటి వాక్చికిత్సకులు ప్రధానమైన ఉపాయముగా తల్లిదండ్రులకు బోధించుచున్నారు. ప, బ, మ మొదలగు పెదవుల ధ్వనులు ముందుగను, ర, ళ వంటివి ఆలస్యముగను పట్టువడుట సహజము గనుక, ‘ళ’ పలుకలేదని పసిదానిని పదిమందిలో నవ్వుల పాలు చేయుట మిక్కిలి అనుచితము.

గవ్వలాట, వామనగుంటలు, పులిజూదము లెక్కకును, వంతు పాటించుటకును, వాదించి ఒప్పించుటకును అక్కఱకు వచ్చును. వానిని గూర్చి ఇచట విస్తరింపను. ఏడెనిమిదేండ్ల పిల్లల ‘క’ భాష మాత్రము విడువరానిది. ప్రతి అక్షరమునకు ముందు ‘క’ చేర్చుచు ‘నీవు రా’ అనుటకు ‘కనీ కవు కరా’ అని వారు వడివడిగా సంభాషించుచుండగా పెద్దలు దానిని అల్లరి యని కసరుదురు. నిజమునకు పలుకుబడిని అక్షరములుగా విడదీసి మరల కూర్చు ఈ శక్తియే చదువునకు పునాది. మన లిపి అక్షరాక్షరముగా నడచునది గావున, ఈ భాష వచ్చిన పిల్లకు గుణింతము భారము కాదు. పొడుపుకథ మరియొక మెట్టు. వస్తువు పేరు చెప్పక దాని ఆకారమును, గుణమును, పనిని చెప్పుట నిర్వచనము చేయుటయే గదా! పెద్దలు చెప్పినవి విప్పించుటతో తృప్తిపడక, కుండనో చేటనో చూపి, దాని పేరెత్తకుండ వర్ణింపుమని పిల్లలనే అడుగవలెను.

కథ చెప్పునప్పుడు ‘ఊ’ కొట్టవలెనను నియమమును కూడ నేను ఆటగానే లెక్కింతును. వినువానికి ఒక బాధ్యత నిచ్చి, ‘ఊ’ ఆగినచోట కథ ఆపి ప్రశ్నించుట ఇందలి మర్మము. జర్మనీలో కిండర్‌గార్టెన్ విద్యకు ఆద్యుడైన ఫ్రోబెల్ తల్లులు పాడు పాటలను, వ్రేళ్ల ఆటలను 1844లో గ్రంథముగా ప్రకటించి, బాలవిద్య తల్లి ఒడిలోనే ఆరంభమగునని చాటెను. మన ఇండ్లలో ఆ గ్రంథము చదువకయే అవ్వలు ఆ పని చేయుచుండిరి.

ఈ ఆటలకు తగిన రంగము అలంపూరునకు సహజముగనే లభించినది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో నిర్మించిన నవబ్రహ్మాలయముల శిల్పములలో పంచతంత్ర కథలును కలవు. పిల్లను చంకనెత్తుకొని ఆ రాతిబొమ్మ ముందు నిలిచి, ‘ఈ జంతువు ఏమి చేయుచున్నది? తరువాత ఏమగును?’ అని అడిగినచో అంతకుమించిన బొమ్మల పుస్తకము వేరొకటి యుండదు. ఈ ప్రాంతమునందలి బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములకంటె ప్రజల జీవనమునే చరిత్రగా భావించి, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో తెలుగువారి ఆటలకును వినోదములకును చోటిచ్చిరి, తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే లభించినది. ఆటలను అల్పవిషయములని తలచువారు దీనిని స్మరింతురు గాక.

కొన్ని నమ్మకములను విడువవలసియున్నది. మాట త్వరగా వచ్చునని వసకొమ్ము అరగదీసి నాకింతురు. ఆకుబూర లూదించినచో నాలుక తిరుగునందురు. మాట వచ్చునది మాట వలననే గాని వేరుల వలనను ఊదుడు వలనను కాదు. ఇంటిలో తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి వినబడుటచే బిడ్డకు మాట ఆలస్యమగునను భయమును నిరాధారము. చింతగింజలు, గవ్వలు మూడేండ్లలోపు పిల్లల చేతికీయరాదు. గొంతున చిక్కుకొని ప్రాణాపాయము కలుగును. చప్పుడునకు తల త్రిప్పని బిడ్డను, పదునారు నెలలకు ఒక్క పదమైనను, రెండేండ్లకు రెండు పదముల కూర్పైనను పలుకని బిడ్డను ఆటలతోనే కాలము గడపక వైద్యునకు చూపి వినికిడి పరీక్ష చేయింపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వినికిడి, భాషా లోపముల పరీక్ష ఉచితముగా లభించును.

ఈ సీమలో విత్తన పత్తి సాగు విస్తరించినది; పొలము పని ముమ్మరముగా నున్న దినములలో తల్లి తెల్లవారకముందే చేనికి పోయి మాపటికి అలసి తిరిగి వచ్చును, ఆమె చేతి సెల్‌ఫోనే పిల్లకు తోడగుచున్నది. ఆ తల్లిని తప్పుపట్టుట అన్యాయము. 1975 నుండి దేశమున నడచుచున్న అంగన్‌వాడీల ఉపాధ్యాయినులకు నా విన్నపము: వారమునకు ఒక్క పూటయైన ఊరిలోని అవ్వలను కేంద్రమునకు పిలిపింపుడు, ఒక చేటెడు మన్నును, నాలుగు గిన్నెలను వారి ముందుంచి, పిల్లలను చుట్టు కూర్చుండబెట్టి, ఆ పూటకు పాఠమును వారికే విడిచిపెట్టుడు.