నెగడు చుట్టూ బతికిన చలికాలం

మన్యం చలి అనగానే ఇప్పుడు అందరి నోటా వచ్చే మాట లంబసింగి. సున్నా డిగ్రీలట, తెల్లారేసరికి మేఘాలు కాళ్ల కింద ఉంటాయట, రాత్రికి రాత్రి కారేసుకుని వెళ్లి ఫొటో దిగి రావాలట. వెళ్లండి, దిగండి, కాదనను. కానీ స్వెట్టర్లూ హీటర్లూ ఎరగని రోజుల్లో ఆ చలిని అక్కడివాళ్లు తరతరాలుగా ఎలా కాచుకున్నారో ఒక్కరైనా అడిగారా? అడిగితే ఒక పూర్తి విద్య బయటపడేది. మట్టి గోడ, గడ్డి కప్పు, పొయ్యి, నెగడు, మోరి అనే ఊదే వాద్యం, థింసా ఆట, ఇవన్నీ కలిస్తేనే ఆ విద్య. విడదీసి అమ్మితే ఏ ముక్కకీ ప్రాణం ఉండదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఇంతే అని ఊరుకోవడం నా వల్ల కాదు.

అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. లంబసింగి ఇంకాస్త పైన, వెయ్యి మీటర్ల దగ్గర. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు అనంతగిరి అడవుల్లో సొరంగాలు దాటి శిమిలిగుడ స్టేషన్ చేరేసరికి 996 మీటర్ల ఎత్తుకి ఎక్కేస్తుంది. 2022లో ఈ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. పేరుకు అభ్యంతరం లేదు, మా నోటికి మాత్రం ఇప్పటికీ విశాఖ మన్యమే. మా నాన్నగారు అక్కడ బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో మేము ఉన్న ఊరికి కార్తీకంలో వలిసె పూల పసుపుతో పాటే చలి దిగేది. మాఘం దాకా కదిలేది కాదు.

ముందు ఇంటి సంగతి. కొండ మీది మట్టింటిని చూసి ‘పాపం, పేదవాళ్లు’ అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ గోడ కట్టడం ఎంత పనో వాళ్లకేం తెలుసు! ఎర్రమట్టిని తడిపి, కోసిన గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి తొక్కి ముద్ద చేస్తారు. ఒక వరస పెట్టి, అది ఆరాకే పై వరస. తొందరపడితే గోడ బీటలిస్తుంది. కొన్నిచోట్ల వెదురు తడిక అల్లి రెండు వైపులా మట్టి మెత్తుతారు. మందంగా ఉన్న మట్టి పగటి ఎండను మెల్లగా లోపలికి తీసుకుని, రాత్రంతా మెల్లగా వదులుతుంది. కప్పు చూరు కిందికి దిగి ఉంటుంది, నడుము వంచకుండా గడప దాటలేం. కిటికీలుండవు. గాలి రాని ఇల్లేమిటని పట్నంవాళ్లు విస్తుపోతారు. పుష్యమాసం రాత్రి రెండు గంటలప్పుడు ఆ ఇంట్లో పడుకుని ఆ మాట అనమనండి!

సామంత గిరిజనుల ఊళ్లలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని రెండు వరసలుగా ఎదురెదురుగా ఉంటాయి. పక్కింటి గోడే మన గోడ కాబట్టి వాళ్ల పొయ్యి వేడి మనకూ దక్కుతుంది. గదబ గిరిజనులు ఒకప్పుడు గుండ్రటి ఇళ్లు కట్టుకునేవారు. కింద శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మన చుట్టిళ్లు ఎరిగినవాళ్లకి ఆ రూపం కొత్త కాదు.

ఇక అలుకు గురించి రాయాలంటే పేజీలు చాలవు. అది పూర్తిగా ఆడవాళ్ల చేతి విద్య. పండగ ముందు గోడకి తెల్లమట్టి, అడుగున ఎర్రమట్టి పట్టీ. మా ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేది. వంగిన నడుముతోనే గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా వేళ్లతో పట్టీ లాగితే, దారం పట్టి చూసినా వంకర దొరికేది కాదు. ఆరాక అరచేత్తో రుద్దేది. ఆ నునుపు మీద చెయ్యి వేసి చూడాల్సిందే, చెప్పడానికి రాదు. ఆమెని ‘ఎలా నేర్చుకున్నావవ్వా?’ అని అడిగితే నవ్వి, నా బుగ్గ మీద ఇంత ఎర్రమట్టి రాసి పంపేసింది. గురుదక్షిణ అడక్కుండా పాఠం చెప్పే పద్ధతి అదే మరి.

ఇంటి నడుమ పొయ్యి. దాని మీద వెదురు అటక. ఆ అటక మీద వచ్చే ఏటికి దాచిన విత్తనం ఉండేది: మొక్కజొన్న కంకులు, చోళ్లు, సామలు, చిక్కుడు పిక్కలు. కింది పొగ రోజూ తగిలి పురుగు పట్టనిచ్చేది కాదు. అదే పొగ గడ్డి కప్పులోంచి పైకి వెళ్తూ చెదల్నీ పురుగుల్నీ తరిమి కప్పుకి ఆయుష్షు పోసేది. వంట, వెచ్చదనం, విత్తనాల కొట్టు, కప్పు కాపలా, అన్నిటికీ కలిపి ఒక్కటే నిప్పు. ఇంతకంటే పొదుపైన ఇంజనీరింగ్ ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

ఊరి మధ్య నెగడుది ఇంకో శాస్త్రం. ఇప్పుడు రిసార్టుల్లో కట్టెలు నిలువుగా పేర్చి డీజిల్ పోసి భగ్గున మండిస్తారు. పది నిమిషాలు ముఖం కాలుతుంది, అరగంటకి బూడిద. కొండ మీది నెగడు అలా ఉండదు. పొడుగాటి దుంగల్ని బండిచక్రం ఆకుల్లా చుట్టూ పరిచి, కొసలు మాత్రమే నడుమ కలిసేలా పెడతారు. కొస కాలేకొద్దీ దుంగని కాలితో లోపలికి నెడతారు. మంట ఎత్తుగా లేవదు, రాత్రంతా ఆరదు. దీనికో పెద్దమనిషి ఉండేవాడు. పొగ రంగు చూసి ఏ దుంగ పచ్చిదో చెప్పి పక్కకి తీయించేవాడు. పడుకునే ముందు నిప్పు మీద నివురు కప్పేవాడు. తెల్లారి కోడి కూశాక నివురు తప్పించి ఒక్క ఊపిరి ఊదితే చాలు, ఎర్రగా కళ్లు తెరిచేది. అగ్గిపెట్టె ఆయన మొలలో ఎప్పుడూ ఉండేది. అది చుట్టకి కూడా వాడేవాడు కాదు, నెగడు ఉండగా అగ్గిపుల్ల ఎందుకని!

ఆ వేడి బూడిదలో కాలిన చిలగడదుంపలు, కొండదుంపలు, వేయించిన అడ్డపిక్కలు, పెద్దవాళ్లకి జీలుగు కల్లు, పిల్లలకి వెచ్చటి చోడి అంబలి. కొత్త పంట దేన్నీ ముందుగా ముట్టరు. చిక్కుడు కొత్త, కంది కొత్త అని ఒక్కోదానికీ పండగ చేసి, దేవతకి పెట్టాకే నోట్లో వేసుకుంటారు. కంది కొత్త చలికాలపు పండగ. కల్లం ఖాళీ అయింది, గాదె నిండింది, పొలం పని తగ్గింది, రాత్రి పొడుగు. ఇక మోరి ఊదకుండా ఎలా ఉంటారు?

థింసా ఎక్కడ పుట్టిందని అడిగితే కోరాపుట్ వాళ్లు మాదంటారు, అరకు వాళ్లు మాదంటారు. కొండకి రాష్ట్రాల సరిహద్దు తెలియదు కాబట్టి ఆ తగువు నేను తీర్చను. నా పక్షపాతం వేరే చోట ఉంది. మోరి లేని థింసా థింసా కాదు. డప్పు, తుడుము, కిరిడి, జోడుకొమ్ములు అడుగు వేయిస్తాయి, నిజమే. కానీ ఆ అడుగు ఎప్పుడు మారాలో చెప్పేది మోరి. మా ఊరి మోరి వాయించే ఆయన పగలు పశువులు కాసేవాడు, నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. రాత్రి నెగడు దగ్గర మోరి నోట పెట్టాడంటే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి బయటికి వచ్చేవారు. వరసలో ఎవరైనా అలిసిపోతే ఆయనకి ముందే తెలిసేది. పాట మెల్లగా సాగదీసేవాడు. వాళ్లు ఊపిరి తీసుకోగానే మళ్లీ దౌడు. ఆ కాసేపట్లో ఊరంతటి ఊపిరి ఆయన చేతిలో ఉండేది.

థింసాలో రకాలున్నాయని కూడా చాలామందికి తెలియదు. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. మగవాళ్లు కుడి వరస, ఆడవాళ్లు ఎడమ వరస. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పట్టుకుంటారు, నెమలీకల కట్ట పట్టుకున్నవాడు ముందు నడుస్తాడు. గుండేరి థింసాలో మగవాడు ఆడమనిషిని ఆటకి పిలుస్తాడు. గొడ్డి బేటలో వంగుతూ లేస్తూ ముందుకీ వెనక్కీ సాగుతారు. పొతర్ తోల ఆకులు కోసే పని. బాగ్ థింసా పులి మీద పడితే తప్పించుకునే ఆట: సగం మంది చేతులు కలిపి వలయం కట్టి మునివేళ్ల మీద వంగితే, మిగతావాళ్లు మెలికలు తిరుగుతూ వాళ్ల చుట్టూ పరుగు. కుండ థింసాలో భుజంతో భుజాన్ని నెడతారు. నటికారి ఒంటరి ఆట. బాయా థింసా పూనకం వచ్చినవాడిది.

ఒంటరి ఆటలు తప్పిస్తే, వరస కట్టి ఆడే రకాల్లో మారనిది చేతుల పట్టు. వీపు వెనక, నడుము దగ్గర, భుజం మీద, ఎక్కడో ఒకచోట పక్కమనిషి చెయ్యి ఉంటుంది. ఒక్కరు తడబడితే వరసంతా తెలుస్తుంది, వరసంతా కలిసి సర్దుకుంటుంది. గంటసేపు ఆడి చూడండి, చలి ఎటు పోయిందో మీకే తెలియదు. ముసలివాళ్లు కూడా వరసలో నిలబడడానికి అదే కారణం. చలికి మందు వాళ్ల పక్కనే నిలబడి ఉండేది.

ఇప్పుడు కోపం సంగతి. మట్టి గోడ స్థానంలో సిమెంటు గోడ, గడ్డి స్థానంలో రేకు వచ్చాయి. వానకి కారదు, నిప్పు అంటుకోదు, ఏటేటా గడ్డి కోసం అడవిలో తిరగక్కర్లేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ చలికాలం రాత్రి ఆ రేకు కింద పడుకున్నవాళ్లని అడగండి. లోపలి ఆవిరి రేకుకి తగిలి, చల్లబడి, తెల్లారుజామున ముఖం మీద బొట్లు బొట్లుగా రాలుతుంది. ఆ గదిలో పొయ్యికి చోటు లేదు, అటక లేదు, అందువల్ల విత్తనం దాచే పద్ధతీ పోయింది. కొండకి తగిన ఇల్లు గీయమంటే మైదానంలో గీసిన నమూనానే మోసుకొచ్చి పెట్టారు! పొగ కళ్లకీ ఊపిరితిత్తులకీ చెడ్డదే, వంటకి గ్యాస్ వచ్చినందుకు ఆ ఆడవాళ్లతో పాటు నేనూ సంతోషిస్తాను. పొగ బాధ తీరాలంటే అది పోయే దారి పెట్టిన మంచి పొయ్యి కావాలి. గోడనే తీసేస్తే ఎలా?

దీన్ని మించింది నెగడు పేరుతో జరిగే వ్యాపారం. ‘క్యాంప్ ఫైర్ విత్ థింసా’ అని బోర్డు. ఒకే రంగు చీరలు కట్టించి, స్పీకర్లో పాట పెట్టి, అరగంట గిరగిరా తిప్పి, అతిథుల్ని మధ్యలోకి లాగి ఫొటోలు తీయించి పంపేస్తారు. బోడ థింసాకీ బాగ్ థింసాకీ తేడా లేదు, అడుగు ఒక్కటే. ఆడే ఆడవాళ్లది తప్పనడం లేదు. రోజు కూలి దొరుకుతుంది, అది వాళ్లకి అవసరం. తప్పు మోరి వాయించేవాడికి ఇవ్వాల్సిన డబ్బు మిగుల్చుకోవడానికి స్పీకర్ కొన్నవాళ్లది. పిల్లలేమో చదువులకి వసతి బడుల్లో ఉంటారు. చదువు కావాల్సిందే. కాని సంక్రాంతి సెలవులకి ఇంటికి వచ్చేసరికి ఊళ్లో నెగడే లేకపోతే వాళ్లు నేర్చుకునేది ఎక్కడ?

అందుకే అడుగుతున్నాను. కొండ మీద ఇళ్లు కట్టే ఇంజనీర్లు గీత గీసే ముందు ఒక్క పుష్యమాసం రాత్రి పాత మట్టింట్లో పడుకుని రండి. వసతి బడుల పంతుళ్లు చలికాలంలో నెలకోసారైనా ఊరి పెద్దల్ని పిలిపించి పిల్లల చేత నెగడు పెట్టించండి, వరస కట్టించండి. ఇక చలి చూడ్డానికి కొండెక్కే మనందరం రిసార్టువాళ్లని ముందే ఒక్క మాట అడుగుదాం: మోరి వాయించేవాళ్లు ఎవరు, వాళ్లకి ఎంతిస్తున్నారు? జవాబు లేకపోతే ఆ రాత్రి ఆటకి డబ్బు కట్టకండి. ఆ డబ్బుతో సంతలో చోళ్లు, కందులు కొనండి. కనీసం అది పండించినవాళ్ల చేతికి చేరుతుంది.