పాత డాక్టరు దగ్గరికీ ఇస్త్రీ చొక్కానే

మెడికల్ రిప్రజెంటేటివ్ పనిలో కొత్త డాక్టర్లను వెతుక్కోవడం చిన్న భాగం. ఒకే జాబితాలో ఉన్న డాక్టర్లను నెలనెలా, కొందరినైతే నెలకు రెండుసార్లు, ఏళ్ల తరబడి కలుస్తూ ఉండడమే అసలు పని. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో, విశాఖ మహారాణిపేటలోనో పదేళ్లు తిరిగిన రెప్‌ను వాచ్‌మన్ నుంచి మందుల షాపు కుర్రాడి దాకా అందరూ పేరు పెట్టి పలకరిస్తారు. వేషం మీద శ్రద్ధ సడలేది ఈ పరిచయం పెరిగే క్రమంలోనే. మొదటి కాల్‌కు, అంటే డాక్టరును మొదటిసారి కలవడానికి వెళ్లినప్పుడు, టై, మెరిసే బూట్లు, మడత నలగని చొక్కా ఉంటాయి. రెండు మూడేళ్లు గడిచేసరికి టై బ్యాగులోకి వెళ్తుంది, బూట్ల పాలిష్ వారానికోసారి అవుతుంది, నిన్నటి చొక్కాయే ఇవాళ్టికీ సరిపోతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్న డాక్టరుగారు ఇప్పుడు కొత్తగా ఏం చూస్తారన్నది లోపలి లెక్క.

ఆ లెక్క తప్పు. కొత్తగా వచ్చిన రెప్‌ను డాక్టరు మిగతా రెప్‌లతో పోల్చి చూస్తారు. పాత రెప్‌ను పోయిన నెల వచ్చిన ఆ మనిషితోనే పోలుస్తారు. కొత్తవాడు గడ్డం గీసుకోకపోతే అది అతని అలవాటేమో అనుకోవచ్చు. ఎప్పుడూ నున్నగా గీసుకుని వచ్చేవాడు మాసిన గడ్డంతో వస్తే, ఇంట్లో ఏదైనా ఇబ్బందా, ఉద్యోగం మీద మనసు పోయిందా అన్న ప్రశ్న పుడుతుంది. పైగా ఎదుట ఉన్నది డాక్టరు. రోగి తలుపు తీసుకుని వస్తుండగానే నడకలో తేడాను, ముఖంలో నీరసాన్ని పట్టుకోవడం ఆ వృత్తి నేర్పిన చూపు. ఆ చూపు రెప్ లోపలికి వచ్చినప్పుడు మూతపడదు.

కాల్ జరిగే తీరు కూడా ఈ గమనింపును పెంచుతుంది. ఓపీ నడుస్తుండగా ఇద్దరు రోగుల మధ్య దొరికే సమయం రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో రెప్ ఎడమ చేత్తో విజువల్ ఎయిడ్ అనే బొమ్మల పుస్తకాన్ని నిలబెట్టి, కుడి చేతిలోని పెన్నుతో మందు పేరు, మోతాదు, ధర చూపిస్తూ పోతాడు. డాక్టరు కళ్లు పెన్ను మొనను అనుసరిస్తాయి. అంటే ముందుగా కనిపించేవి గోళ్లు, చొక్కా మణికట్టు అంచు, వాచీ పట్టీ. గోళ్ల కింద బైక్ గొలుసు మడ్డి ఉంటే అది మందు పేరుకన్నా ముందు కంటపడుతుంది. చాలా కంపెనీలు విజువల్ ఎయిడ్ బదులు ట్యాబ్ ఇస్తున్నాయి. దాని గాజు మీద వేలిముద్రల మరకలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. పదేళ్ల పరిచయం వీటిలో దేన్నీ కప్పదు.

ఏరియా మేనేజర్ వెంట వచ్చే రోజు, అంటే జాయింట్ వర్క్ రోజు, వేషం మారిపోవడం ఈ వృత్తిలో మామూలు విషయం. ఆ రోజు టై బయటికి వస్తుంది, బూట్లు తళతళలాడతాయి. పాత డాక్టరు ఆ తేడాను ఇట్టే గుర్తుపడతారు. శ్రద్ధ తన కోసం కాదు, పై అధికారి కోసమని ఆయనకు అర్థమవుతుంది. ఏడాదంతా సాదాగా వచ్చినా నష్టం లేదు గానీ, ఈ హెచ్చుతగ్గులు మాత్రం నష్టమే చేస్తాయి. అందుకే మొదటి రోజున పెట్టుకునే ప్రమాణం పదో ఏడు దాకా నిలబెట్టుకోగలిగేంత సాదాగా ఉండడం మంచిది. ఖరీదైన సూటుకన్నా, ఎప్పుడూ శుభ్రంగా ఉండే నాలుగైదు లేతరంగు నూలు చొక్కాలు ఎక్కువ కాలం పనికొస్తాయి.

నిలబెట్టుకోవడంలో మొదటి శత్రువు ఎండ. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజుల్లో బైక్ మీద తిరిగే మనిషి మధ్యాహ్నానికి తడిసి ముద్దవుతాడు. సాయంత్రం ఓపీకి వెళ్లే ముందు ఇంటికో లాడ్జికో వెళ్లి స్నానం చేసి చొక్కా మార్చుకునే రెప్‌లు ఉన్నారు. పరాయి ఊళ్లో ఆ వీలు లేకపోతే బ్యాగులో మడతపెట్టిన చొక్కా, చేతిరుమాళ్లు, దువ్వెన ఉంటాయి. హెల్మెట్ తీశాక జుట్టు సరిచేసుకోవడానికి అర నిమిషం చాలు, కానీ ఆ అర నిమిషాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. శాంపిల్స్ నిండిన బ్యాగు పట్టీ భుజం దగ్గర చొక్కాను నలిపి, కొన్నాళ్లకు గుడ్డను అరగదీస్తుంది. బరువును చేత్తో పట్టుకోవడమో భుజం మార్చుకోవడమో తప్పదు. తోలు బూట్లు ఒక రోజు చెమటను పూర్తిగా వదలాలంటే మరో రోజు పడుతుంది గనుక రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే వాసన రాదు, బూట్లూ ఎక్కువ కాలం మన్నుతాయి. తలుపులు మూసిన ఏసీ గదిలో వాసన చాలా పెద్ద విషయం. దాన్ని కప్పడానికి ఘాటైన సెంటు కొట్టుకోవడం ఇంకా చెడ్డది. ఎందుకంటే బయట బెంచీ మీద ఆయాసంతో కూర్చున్న రోగి పక్కనే రెప్ కూడా తన వంతు కోసం ఎదురుచూడాలి.

టై గురించి పట్టుదల అక్కర్లేదు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2007లో వచ్చిన మార్గదర్శకాలు, సూక్ష్మక్రిములు అంటుకుంటాయన్న జాగ్రత్తతో, రోగులను ముట్టుకునే డాక్టర్లనే టైలు, పొడుగు చేతుల చొక్కాలు మానుకోమన్నాయి. మన ఎండలకు టై ఎలాగూ నప్పదు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో పల్లెల నుంచి వచ్చిన జనం మధ్య అది దూరాన్ని కూడా పెంచుతుంది. అక్కడ శుభ్రమైన చొక్కా, మెడలో గుర్తింపు కార్డు చాలు.

మహిళా రెప్‌ల విషయంలో ఇదంతా మరింత కఠినంగా అమలవుతుంది. వరుస నెలల్లో అదే చుడీదార్ వేసుకొస్తే వ్యాఖ్యలు వినాల్సి వస్తుంది. పురుషుడి తెల్ల చొక్కాను ఎవరూ లెక్కపెట్టరు. ఇది అన్యాయం. శ్రద్ధ అంటే శుభ్రత, నిలకడ. కొత్త బట్టలు అందులో భాగం కావు.

2024లో కేంద్రం తెచ్చిన ఫార్మా మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు, వారి కుటుంబాలకు కానుకలు ఇవ్వకూడదంటుంది. అది పాటించినంత మేర, డాక్టరు గదిలోకి రెప్ తీసుకువెళ్లగలిగేవి ప్రధానంగా మందు గురించిన సమాచారం, కొద్ది శాంపిల్స్, తన మాటతీరు, తన వాలకం. అయినా ఆ వాలకానికయ్యే ఖర్చు ఎక్కువగా రెప్ జేబు నుంచే పోతుంది. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కోసం వచ్చిన 1976 నాటి చట్టం నియామక పత్రం, సెలవుల వంటివి చూసుకుంది. ఇస్త్రీ, పాలిష్, చొక్కాల ఖర్చు మాట అందులో ఉండేది కాదు. పెట్రోలుకు, బసకు లెక్కకట్టి ఇచ్చే కంపెనీలు నెలకు ఇస్త్రీ ఖర్చయినా ఆ లెక్కలో చేర్చడం న్యాయం.