నేత చూసి మనిషి చేతిని పట్టే విద్య

నగరం అనే ఊరి నుంచి నిజాంపట్నం వైపు వెళ్తుంటే రొయ్యల చెరువులు కనిపిస్తూనే ఉంటాయి. అదే నేలను ఉపగ్రహం తీసిన నలుపు తెలుపు చిత్రంలో చూడండి. పచ్చ లేదు, నీలం లేదు, అంతా బూడిద రంగే. ఏది మడ అడవి, ఏది మనిషి తవ్విన చెరువు? రంగు చెప్పలేనిది చిత్రపు నేత చెబుతుంది. నిపుణులు దాన్ని టెక్స్‌చర్ అంటారు. చీరాల నేతగాడు బట్టను వేళ్లతో తడిమి చేమగ్గమో మరమగ్గమో చెప్పేసినట్టు, ఈ విద్య చిత్రాన్ని లెక్కతో తడుముతుంది.

1973లో హరాలిక్, షణ్ముగం, డిన్‌స్టీన్ కలిసి రాసిన పత్రం దీనికి పెద్ద బాలశిక్ష. అందులో 14 కొలతలిచ్చారు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తీరదు. వాళ్లు చేసిందల్లా జంటలు లెక్కపెట్టడమే! ఒక చుక్క (పిక్సెల్), దాని పక్క చుక్క, ఏ ఛాయ పక్కన ఏ ఛాయ ఎన్నిసార్లు వచ్చింది? ఛాయకో అంకె వేశామనుకోండి. చెరువు నీళ్ల మీద 2 పక్కన 2, మళ్లీ 2. గట్టు రాగానే 2 పక్కన ఒక్కసారిగా 7. మడ అడవిలో 3, 5, 2, 6 అంటూ వరసా వావీ ఉండదు.

అసలు కిటుకు దిక్కులో ఉంది. జంటలను అడ్డంగా, నిలువుగా, రెండు ఐమూలలుగా నాలుగు వైపులా లెక్కిస్తారు. మడ అడవి ఎటు నుంచి చూసినా ఇంచుమించు ఒకే గరుకు. గట్టు అలా కాదు. దాని వెంట నడిస్తే నునుపు, అడ్డంగా దాటితే అంతా తేడాయే. ఆ దిక్కుల తేడాలోనే మనిషి చెయ్యి దొరికిపోతుంది. ఎంత చక్కని పని!

మన ఉపగ్రహాలూ ఈ విద్యకు తగ్గట్టే ఎదిగాయి. 1988 నాటి ఐఆర్‌ఎస్-1ఎ చిత్రంలో పల్లెటూరి ఇల్లు గల్లంతు. 2005లో కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల చుక్కతో వచ్చాక గట్లు గీతల్లా తేలాయి. ఈ చిత్రాలను అందించే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి ఈ విషయంలో తెలుగునేల ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

ఇక నా బాధ చెబుతాను. బాపట్ల వైపు, సముద్రం జరిగిపోతూ వదిలిన పాత ఇసుక దిబ్బలు తీరానికి సమాంతరంగా బారులు తీరి ఉంటాయి. అవి ప్రకృతి గీసిన గీతలు. ఈమధ్య చూసిన ఒక నివేదికలో వాటిని రోడ్లని రాశారు! ఎక్కడివో చిత్రాలతో నేర్పిన రెడీమేడ్ డీప్ లెర్నింగ్ మోడల్‌ను దింపి మీట నొక్కేశారు. అలా ఎందుకు చెప్పిందని అడిగితే జవాబిచ్చే నాథుడు లేడు. డీప్ లెర్నింగ్ గొప్పదే, కాదనను. కానీ నేల తొక్కకుండా ఫలితం అచ్చేయడం విద్య కాదు, విద్య వేషం. జంటల లెక్క కూడా దిబ్బల దగ్గర తడబడుతుంది. కానీ ఎక్కడ తడబడిందో వేలుపెట్టి చూపగలం, సరిదిద్దగలం. పొలం ఎప్పుడు చెరువైందో, మడ అడవి ఎక్కడ తరిగిందో తేల్చే లెక్కకు ఆ నిజాయితీ ఉండి తీరాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో చదివే పిల్లలకు నా మనవి ఒక్కటే. ఉపగ్రహ చిత్రాలు చూపే భువన్ పోర్టల్‌లో మన ప్రాంతం చిత్రం తెరవండి, జంటల లెక్క మీ చేత్తో ఒక్కసారి కట్టండి. తర్వాత ఒక ఆదివారం నగరం వెళ్లి, లెక్కలో 7 పడిన చోట గట్టెక్కి నిలబడండి.