మెట్లెక్కే పడవ

మ్యూనిక్‌లో ఉండే మన మిత్రులు మడత కయాక్ కొనాలనుకున్నప్పుడు, ఎంత స్పీడు పోతుందని అడుగుతారు. మీ ఇల్లు ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా అని నేను ఎదురడుగుతాను. వాళ్లు జోక్ అనుకుంటారు కానీ, ఈ పడవ నీళ్లమీద ఉండేదానికంటే మెట్లమీద, రైల్లో, బీరువా పక్కన ఉండే కాలమే ఎక్కువ.

1905లో ఆల్‌ఫ్రెడ్ హోయిరిష్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి తను చేసుకున్న మడత పడవలో బాట్ టోల్జ్ నుంచి మ్యూనిక్ దాకా ఇజార్ నదిమీద వచ్చాడు. 1907లో దాని హక్కులు కొన్న యోహాన్ క్లెపర్ రోజెన్‌హైమ్‌లో దర్జీ. వింతేం లేదు, ఇందులో సగం కుట్టుపనే.

తెడ్డు వేస్తూ ఒక్కరే దూరాలు పోవాలంటే అల్యూమినియం గొట్టాల చట్రం ఉన్న సన్నటి పడవ చాలు. తెరచాప కూడా కావాలంటే వెడల్పు ఉండాలి. నేను క్లెపర్ ఏరియస్ డబుల్ తీసుకున్నది అందుకే. 5.20 మీటర్ల పొడవు, 87 సెంటీమీటర్ల వెడల్పు, కర్ర చట్రం. బరువే దీని జబ్బు. ట్రాలీ లేకుండా స్టేషన్ దాటలేం.

బిగించడం మాత్రం ముచ్చటైన పని. చట్రాన్ని ముందు సగం, వెనక సగం విడివిడిగా తొడుగులోకి దూర్చి, రెండూ కలిసేచోట అరచేతులతో గట్టిగా కిందికి నొక్కాలి. కొక్కెం టక్కున పడగానే, అప్పటిదాకా ముడతలుగా ఉన్న తొడుగు మద్దెల తోలులా బిగుస్తుంది. పక్క గొట్టాల్లో గాలి ఊదడం ఆఖరి పని. ముందే ఊదితే చట్రం కదలదు.

పడవ అడుగున లోతైన కీల్ లేదు కాబట్టి పక్కగాలికి పక్కకే జారిపోతుంది. అందుకే అడ్డకర్ర బిగించి, రెండు కొసలా నీళ్లలోకి దిగే పలకలు తగిలిస్తాం. చుక్కాని కాళ్లతో, తెరచాప తాడు చేత్తో. ఆ తాడును ఎక్కడా ముడివేయకూడదు. గాలి విసిరికొడితే వెంటనే వదిలేయాలి. కీమ్‌జే సరస్సు ఒడ్డున నారింజరంగు హెచ్చరిక దీపాలుంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగితే గాలి పెరుగుతోందని, 90 సార్లయితే తుఫాను గాలి వస్తోందని అర్థం. నేను 40కే ఒడ్డు పడతాను.

ఈ జాతి పడవలోనే హానెస్ లిండెమన్ అనే డాక్టరు 1956లో కానరీ దీవుల నుంచి 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. అంతకుముందు 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్‌లో దిగిన ఆస్కార్ స్పెక్, మన దేశపు తీరం వెంట కూడా సాగి 1939లో ఆస్ట్రేలియా చేరాడు. పడవ అరిగిపోతే జర్మనీ నుంచి కొత్తది తెప్పించుకునేవాడు. పార్సిల్లో పట్టే పడవ కాబట్టి సాగింది.

ఆ కథలు చదివి ఉత్సాహపడేవాళ్లకు చెప్పాల్సింది తర్వాతి పని గురించి. చట్రానికీ తొడుగుకూ మధ్య ఇసుక ఉండిపోతే తొడుగును లోపలినుంచి కొరికేస్తుంది. తడితో మడిస్తే పైనున్న నూలుబట్టకు బూజు పడుతుంది. అంచేత, కొనేముందు ఎవరిదైనా అడిగి తీసుకెళ్లండి. తిరిగొచ్చాక కడిగి, ఆరబెట్టి, మడిచి ఇవ్వండి. ఆ పని విసుగనిపించకపోతే కొనండి. విసుగొస్తే, అద్దె పడవలు ఒడ్డునే దొరుకుతాయి.